పులి లేని ఆత్మకూరు

మా ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు ముందుగా అడిగే మాట, "ఏ ఆత్మకూరు?" అని. వాళ్ల తప్పేమీ లేదు. తెలుగు నేల మీద ఆత్మకూర్లు ఎన్నో ఉన్నాయి. నెల్లూరు వైపు ఒకటి, వనపర్తి వైపు ఒకటి, వరంగల్ పక్కన ఒకటి. మా పాత నల్లగొండ జిల్లాలోనే ఇంకొకటి ఉంది, దానికి బ్రాకెట్లో 'ఎం' అని ఉంటుంది. మాకేమో 'ఎస్' తగిలించారు. ఎస్ అంటే సూర్యాపేట.

ఇవన్నీ ఒక ఎత్తు, నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు ఒక్కటే ఒక ఎత్తు. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఒక అటవీ డివిజన్ పేరే ఆత్మకూరు. అక్కడ నిజంగానే పులులు తిరుగుతాయి. అందుకని ఏడాదికి ఒకసారో రెండుసార్లో "ఆత్మకూరు అడవిలో పెద్దపులి" అని పేపర్లో పడుతుంది. పడ్డ రోజు హైదరాబాద్‌లో ఉన్న మా బావ దగ్గర నుంచి ఫోన్ వస్తుంది. "ఏం బావా, మీ ఊళ్లెకు పులొచ్చిందట గద! ఫొటో తీసినవా?"

తీయలేదు. మా ఆత్మకూరులో పులి లేదు. దాక్కోవడానికి దానికి అడవీ లేదు. మాకున్నవి చెలకలు, వరిపొలాలు, బోడగుట్టలు, చెరువులు, ఎస్సారెస్పీ కాలువలు, మిగిలిన నాలుగు తాటివనాలు. ఎనిమిదేళ్లుగా నేను వన్యప్రాణుల ఫొటోలు తీస్తున్నది ఈ నేల మీదే. "మీ ఊళ్లో వన్యప్రాణులేమున్నాయండీ?" అని అడిగేవాళ్ల కోసమే ఈ పూట ఈ ప్రసంగం.

కెమెరా కొన్నది పక్షుల కోసం కాదు. మా పాప మొదటి పుట్టినరోజుకని కోఠిలో ఒకచేయి మారిన కానన్ తెచ్చుకున్నాను. అమ్మినాయన దానితోపాటు కొంచెం దూరం లాగే లెన్సు ఒకటి, రెండువందల యాభై మిల్లీమీటర్లది, తక్కువకే ఇచ్చాడు. పుట్టినరోజు అయిపోయింది. ఆ లెన్సుతో ఏం చేయాలో తెలియలేదు. ఒక సాయంత్రం చెరువుకట్ట మీద నిలబడి కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టకేసి పెట్టాను. మట్టిరంగులో, ఏ కళా లేకుండా ఉందది. బటన్ నొక్కే లోపల ఎగిరిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలో పిట్ట లేదు, చెదిరిపోయిన నీలం ఒకటి ఉంది. రెండు రకాల నీలం. అప్పుడు తట్టింది, అది పాలపిట్ట అని.

చిన్నప్పుడు దసరా నాడు జమ్మి దగ్గరికి పోయి, పాలపిట్టను చూసేదాకా ఇంటికి రాకపోయేది మేము. పొలాల గట్లెంబడి ఉరికేవాళ్లం. కనపడితే చేతులెత్తి మొక్కేవాళ్లం. ఇప్పుడది మన రాష్ట్ర పక్షి కూడా. అయితే ఆ సాయంత్రం నాకు సిగ్గనిపించింది. దసరా ఒక్కనాడు వెతికిన పిట్ట మిగతా అన్నిరోజులూ మా ఇంటి ముందరి తీగ మీదనే ఉంది. కూర్చున్నప్పుడు మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితేనే దాని రంగు. నేను పోల్చుకోలేదు, అంతే.

ఆ తర్వాత తెలిసింది, ఎగిరే పిట్టను పట్టాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు దిగాలని. అంతకంటే నెమ్మదైతే పిట్ట పొగలాగా వస్తుంది. కన్ను మీద ఫోకస్ ఉంటే తోక మసకైనా పర్వాలేదనీ, కన్ను మసకైతే ఆ ఫొటో పనికి రాదనీ తెలిసింది. పొద్దుగాల ఎనిమిదింటి లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఎండ మన వీపు మీద పడాలి. ఈ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, ఫోన్‌లో వెతికితే పొద్దున్నుంచి రాత్రిదాకా చెప్పేవాళ్లున్నారు. నాకు దొరకనిదల్లా వేరే ఉంది. అది ఒక గొర్లకాపరి తాత దగ్గర దొరికింది.

మే నెల. రోళ్లు పగిలే ఎండ. గుట్ట కింది చెలకలో గులకరాళ్ల నడుమ తీతువు గుడ్లు కనబడ్డాయి. నాలుగు. సన్నటి కొసలు లోపలికి, గుండ్రటి వైపు బయటికి పెట్టి పేర్చినట్టున్నాయి. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల. గుడ్ల మీద మచ్చలు రాళ్ల మీది మచ్చల్లాగే ఉన్నాయి. రెండడుగుల దూరం నుంచి కూడా పోల్చుకోవడం కష్టం. ఇక నా సంతోషం చూడాలి. బోర్లా పడుకుని ఒక కోణం, కూర్చుని ఒక కోణం. తల్లిదండ్రులు రెండూ నెత్తి మీద అరుస్తూ తిరుగుతున్నాయి. తీతువు అరుపు మంచిది కాదంటారు పెద్దలు. నేను చదువుకున్నవాణ్ణి కదా, అలాంటివి నమ్మను. అరగంట గడిచింది.

అవతలి గట్టు మీంచి కేక వినిపించింది.

"ఎవలయ్యా గాడ? ఎంతసేపాయె కూసుని?"

"ఫొటో తీస్తున్న తాతా. తీతువు గుడ్లు."

"తీస్తివి గద. ఇగ లెవ్వు. గుడ్లు ఉడుకుతున్నయ్."

ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరం దూరంగా వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాం. తాత చెప్పింది ఇది. చలికాలంలో పక్షి గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం. ఎండాకాలంలో తీతువు కూర్చునేది నీడ కోసం. అది గొడుగు పట్టినట్టు. నేను అరగంట అక్కడున్నానంటే అరగంట గొడుగు తీసేసినట్టు.

"సూడు, ఇప్పుడది సక్కగ గుడ్ల కాడికి రాదు. కుంటల దిగుతది."

నిజంగానే తీతువు ముందు కుంట దగ్గర వాలింది. అడుగంటిన నీళ్లలో నిలబడి, కూర్చుని, పొట్ట తడుపుకుంది. అప్పుడు పరుగు పరుగున చెలకలోకి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఒకటి లేస్తే ఇంకొకటి వచ్చి కూర్చుంది, దాని పొట్టా తడిగానే ఉంది. "తడిపొట్టతోని గుడ్లను సల్లవెడ్తది. సిన్నప్పటి సంది సూస్తనే ఉన్న," అన్నాడు తాత, బీడీ ముట్టించుకుంటూ.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. తీతువులు పొట్ట ఈకలు తడిపి గుడ్లను చల్లబరచడం పక్షిశాస్త్రవేత్తలు చూసి రాసిన సంగతే. తాత వాటిలో ఒక్కటీ చదవలేదు, ఆయనకు చదువు రాదు. ఆనాటి ఫొటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. బాగా వచ్చాయి. ఎవరికీ చూపించను.

గొర్లకాపరులూ వేటగాళ్లూ ఎరిగిన పిట్ట శాస్త్రానికి ఎనభై ఆరేళ్లు కనబడకుండా పోయిన కథ మన తెలుగు నేల మీదే జరిగింది. కడప వైపు ముళ్లపొదల్లో కలివికోడి అని ఒక పక్షి ఉంది. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ దొర పేరు మీద ఇంగ్లీషులో పిలుస్తారు. 1848లో శాస్త్రానికి ఎక్కింది. 1900లో అనంతపురం దగ్గర ఒక దొర చూశాడు. ఇక అంతే. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు.

1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు చేసిన తెలివైన పని ఏమిటంటే, బొమ్మ పట్టుకుని ఊళ్లలోకి పోయాడు. ఇది ఎరుకేనా అని అడిగాడు. పగటిపూట దుర్భిణి పెట్టి వెతికితే దొరికే పిట్ట కాదది. రాత్రిపూట తిరుగుతుంది, పగలు పొద కింద మెదలకుండా ఉంటుంది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన, పిట్టలు పట్టడం ఎరిగినవాడు, రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టి చూపించాడు. పట్టిన పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి మార్చింది కూడా దీని కోసమే.

ఇందులో కెమెరా పాత్ర తర్వాత వచ్చింది. 2000 తర్వాత జగన్నాథన్ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్లూ పొదల నడుమ నున్నటి మట్టిపట్టీలు వేసి పొద్దున్నే అడుగుల గుర్తులు చూసేవాళ్లు. దారిలో కెమెరాలు కట్టి వదిలేసేవాళ్లు. పిట్ట అడ్డం వస్తే దానంతట అదే ఫొటో పడుతుంది. మనిషి అక్కడ ఉండడు, గుడ్లు ఉడకవు. నాకు ఈ కథలో రెండే రెండు నచ్చాయి. ఒకటి ఐతన్నను అడగడం. రెండోది కెమెరాను వదిలేసి మనిషి వచ్చేయడం.

అప్పటి నుంచి నేనూ అడగడం మొదలుపెట్టాను. చేపలు పట్టేవాళ్లను, బర్లు కాసేవాళ్లను, తాళ్లెక్కేవాళ్లను. ముఖ్యంగా మా వాడకట్టు మామను. సొంత మామ కాదు, వరసకు. నలభై ఏళ్లుగా తాళ్లు గీస్తున్నాడు. తాటిచెట్టు మీదికి పొద్దున్నే ఎక్కే మనిషికి కనిపించేవి కింద నిలబడ్డ నాకు ఎట్లా కనిపిస్తాయి? రాత్రి లొట్టిలో కల్లు తాగిపోయే మానుపిల్లి నుంచి, మట్టల కింద గూడు కట్టే చిన్న ఎగురుడు పిట్టల దాకా అన్నీ ఆయనకు ఎరుకే. నేను మాత్రం ఆయన దగ్గర ఎక్కువగా నేర్చుకున్నది గిజిగాడి గురించి.

మా పక్క పాత మోటబాయిల మీదికి వంగిన తుమ్మలుంటాయి. బాయిలో నీళ్లు ఎప్పుడో అడుగంటినా తుమ్మ మాత్రం ఉంది. వానలు పడి వరి నాటు పచ్చబడ్డంక గిజిగాళ్లు అక్కడ దిగుతాయి. వరి ఆకును ముక్కుతో ఒక అంచున గాటు పెట్టి, పొడుగ్గా నారలాగా చీల్చుకుని ఎగురుతాయి. ఆ చీల్చే క్షణం ఫొటోకు చిక్కడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. మగపిట్ట గూడు సగం, టోపీ ఆకారం దాకా కట్టి, దానికి వేలాడుతూ రెక్కలాడిస్తూ అరుస్తుంది. ఆడపిట్టలు వచ్చి చూస్తాయి. లోపలికి పోయి, నారలు లాగి చూస్తాయి. నచ్చితే ఉంటాయి. అప్పుడు మగది గొట్టం దించి గూడు పూర్తి చేస్తుంది. చేసి ఊరుకోదు, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1930లో బొంబాయి దగ్గరి కిహిం ఊళ్లో కూర్చుని ఈ బహుభార్యా వ్యవహారాన్ని మొదటిసారి వివరంగా రాశారు. ఆ మరుసటేడే ఆయన మన హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు, నిజాం సర్కారు ఖర్చుతో ఇక్కడి పక్షులన్నిటినీ లెక్కగట్టే పని మీద. భార్య తెహమినా కూడా వెంట ఉండి ఆ గుడారాల బతుకంతా నడిపించారు.

మామ లెక్కలో ఇదంతా ఒక్క ముక్క. "ఇల్లు సూసి పెండ్లికి ఒప్పుకునే పిల్ల అది అల్లుడా. సగం కట్టి ఇడిసిపెట్టినయ్ జూస్తివా, అవి పిల్లకు నచ్చనియ్." సాలిం అలీ చూసినా ఇంతకంటే తేడా ఏమీ చెప్పరు.

అయితే మామ చెప్పినవన్నీ నిజమే అని నేను అనను. గిజిగాడు మిణుగురులను పట్టుకొచ్చి గూట్లో మట్టికి అంటించి దీపం పెట్టుకుంటుందని ఆయన నమ్మకం. మన పల్లెల్లో చాలామంది నమ్మకం అది. గూట్లో మట్టి ఉండే మాట నిజమే. గాలికి గూడు మరీ ఊగకుండా బరువు కోసమేమో అని పండితులు అనుకుంటారు. గాలివానకు రాలిపడ్డ గూళ్లు మూడింటిని విప్పి చూశాను. మట్టి ఉంది, మిణుగురు లేదు. మామకు చూపించాను. ఆయన గూడు అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు, "తెల్లారినంక ఆరిపోతయ్ గద అల్లుడా!"

దానికి నా దగ్గర జవాబు లేదు.

చెరువు సంగతికొస్తాను. పట్నం నుంచి కెమెరాలు పట్టుకుని వచ్చే దోస్తులు చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు వస్తామంటారు. అప్పుడు చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒడ్డున మిరపకాయ బజ్జీలు కూడా దొరుకుతాయి. పక్షులే ఉండవు. నిండు చెరువులో లోతు ఎక్కువ. కాళ్ల మీద నిలబడి తినే పక్షికి అక్కడ చోటేది? యాసంగికి తూము ఎత్తి నీళ్లు తగ్గుతున్నప్పుడు రావాలి. అంచున బురద తేలుతుంది, చేపపిల్లలు, నత్తలు, పురుగులు అన్నీ ఒకచోటికి చేరతాయి. అప్పుడు దిగుతాయి ఎర్రకాళ్ల కొంగలు, నల్లమెడ తెల్లకంకణాలు, ముక్కు నడుమ సందు ఉండే నత్తల కొంగలు. ఆ సందు నత్తలతో కుస్తీ పట్టడానికి పనికొచ్చేదే. చలికాలమంతా నడినీళ్లలో ఉత్తరాది నుంచి వచ్చిన బాతులుంటాయి. మూసీ ప్రాజెక్టు వెనక నీళ్లు సన్నగిల్లేటప్పుడూ ఇదే సందడి. మా అనుభవంలో నిండుతున్న చెరువు రైతుకు పండుగ, ఎండుతున్న చెరువు కొంగకు పండుగ.

మిర్యాలగూడ, కోదాడ వైపు కథ వేరు. 1967లో సాగర్ నీళ్లు ఎడమ కాలువకు వదిలినప్పటి నుంచి అదంతా వరి దేశం. అక్కడ నేను నేర్చుకున్న ఉపాయం ఒకటి చెప్తాను. పక్షులు మనిషిని చూసి బెదురుతాయి కానీ ట్రాక్టర్‌ను చూసి బెదరవు. కేజీవీల్స్ పెట్టి దమ్ము చేస్తుంటే వెనకాలే కొంగలు బారులు తీరి నడుస్తాయి, బురదలోంచి లేచే పురుగుల కోసం. నడిపే అతణ్ణి బతిమాలి మడ్గార్డ్ మీద కూర్చున్నానంటే పది అడుగుల దూరంలో కొంగ. బట్టలు బురద కొట్టుకుపోతాయి, కెమెరాకు పాలిథిన్ సంచి తొడగాలి. దిగామా, ఒక్కటి మిగలదు. బర్రె పక్కన నడిచినా అంతే. పసులపోలిగాడు బర్రె వీపు మీద కూర్చుని ఉంటే, ఆ బర్రె నీడన నేను నెమ్మదిగా నడిచి, పిట్ట తోక చీలికలోని ఈకల దాకా తీశాను. ఖరీదైన గుడారాలు, ఆకుల రంగు చొక్కాలు కొనే ముందు ఒక బర్రెతో స్నేహం చేయమంటాను.

దూరం లాగే లెన్సు లేనివాళ్ల కోసం ఒక మాట. మిర్గం దాటి ఆరుద్ర కార్తె పెట్టి, ఎర్రనేల మీద మంచి వాన పడ్డ తెల్లారి చెలకలోకి పొండి. ఎర్రటి మఖమలు ముద్దలు నేల మీద నడుస్తుంటాయి. ఆరుద్ర పురుగులు. ఏడాదంతా మట్టిలోనే ఉండి, ఈ కాస్త కాలం పైకొస్తాయి. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది. అంటే పురుగు కాదు, సాలీడు చుట్టం. నేను చదువు చెప్పే బడిలో పిల్లలు అగ్గిపెట్టెల్లో పట్టుకొస్తారు. పట్టుకురావద్దు, మనమే పోదామని తీసుకెళ్తాను. కెమెరాకు ఉండే మామూలు చిన్న లెన్సును విప్పి, వెనకది ముందుకు తిప్పి పట్టుకుంటే అది భూతద్దం అవుతుంది. ఖర్చు సున్నా. దుమ్ము పోకుండా చూసుకోవాలి, అంతే. అట్లా చూసినప్పుడు ఆ మఖమలులో ఒక్కో వెంట్రుకా కనబడుతుంది. ఒక పిల్ల చూసి, "సార్, దీనికి స్వెట్టర్ ఎవరల్లిన్రు?" అంది.

వానలు వెనకబట్టే రోజుల్లో పొలాల మీద తిరిగే బంగారు రంగు తూనీగ కూడా అలాంటిదే. చిన్నప్పుడు మనమంతా దాని తోకకు దారం కట్టి ఎగరేసినవాళ్లమే. అప్పట్లో మాల్దీవుల్లో ఉండే ఛార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, ఏటా అక్టోబరులో ఈ తూనీగలు సముద్రం నడుమ ఆ దీవుల్లోకి లక్షలకొద్దీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో లెక్కలు తీసి 2009లో రాశాడు. ఇండియా నుంచి బయల్దేరి, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా పోతున్నాయని ఆయన తేల్చాడు. మంచినీళ్లు లేని సముద్రం మీద అన్ని వేల కిలోమీటర్లు! నేను దారం కట్టిన వాటిలో ఎన్ని ఆగిపోయాయో అనిపించింది ఆ సంగతి చదివిన రాత్రి.

ఇంత చెప్పాక చేదు మాట కూడా చెప్పాలి. నెమలి ఫొటో పెడితే నాకు లైకులు వస్తాయి. ఆ నెమళ్ల గుంపు పడి పెసరచేను పోగొట్టుకున్న రైతు మా వీధిలోనే ఉన్నాడు. అడివిపందులు రాత్రికి రాత్రి పల్లిచేను దున్నేస్తాయి. "నీకేంది, ఫొటోలు తీసుకుంటవ్. కావలి మేం కాయాలె," అన్నాడు ఒకసారి, మొహం మీదనే. ప్రకృతి ప్రేమ గురించి ఉపన్యాసాలిచ్చే మనకు చాలామందికి పోగొట్టుకునే పెసరచేను లేదు, అది గుర్తుంచుకుంటే మంచిది. ఆ రైతు పొలంలోకి ఇప్పుడు అడగకుండా దిగను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిలోనే కాదు, మన పొలం గట్టు మీదా ఉంటుంది. దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి పది రూపాయలకు చూపించేవాళ్లు పట్నాల్లో కనబడతారు. అది నేరం. చూసి డబ్బులిచ్చామంటే వచ్చే ఏడాది ఇంకో రెండు పంజరాలు తయారవుతాయి. అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఫోన్‌లో పిట్టకూత వినిపించి పిలవడం, గూటికి అడ్డమున్న కొమ్మ విరవడం లాంటివి చట్టం దాకా పోకముందే మానేయాల్సినవి.

మళ్లీ పులి దగ్గరికే వస్తాను, మా బావ కోసం. 2018లో దేశమంతా పులులను లెక్కపెట్టారు. నల్లమలతో సహా 26,838 చోట్ల చెట్లకు కెమెరాలు కట్టి వదిలేశారు. అన్నిటిలో కలిపి పడ్డ ఫొటోలు సుమారు 3 కోట్ల 48 లక్షలు. ఆ లెక్కింపు గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. వాటిలో పులి ఉన్నవి 76,651. అంటే వెయ్యి ఫొటోలకు రెండు. మిగతా వాటిలో జింకలు, పందులు, పశువులు, మనుషులు, గాలికి ఊగిన ఆకులు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండిటికీ ఒకటి కావు. ఆ చారలను బట్టే ఒక్కో పులిని గుర్తించి లెక్క తేలుస్తారు. పులి ఫొటో అంటే జీపు మీద నిలబడి గోడకు తగిలించుకోవడానికి తీసేదని మనం అనుకుంటాం. దేశానికి పనికొచ్చిన పులి ఫొటోలు మాత్రం వెనక మనిషి లేకుండా పడినవే. ఫలానా తేదీ, ఫలానా చోటు అని వాటి మీద ఉంది, అదే వాటి విలువ. నేనూ అంతే, ప్రతి ఫొటో కింద తేదీ, కార్తె, చెరువు పేరు రాసుకుంటాను. నా నోటుబుక్కులో ఎనిమిదేళ్ల ఆరుద్ర పురుగులున్నాయి, మొదటిది ఏ నాడు పైకొచ్చిందో. ఆ లెక్కలో వానల సంగతి కూడా కొంత కనబడుతోంది. ఇంకో పదేళ్లు రాస్తే గానీ గట్టిగా ఏమీ చెప్పలేను.

కిందటేడు తాతకు నా దుర్భిణి ఇచ్చాను. ముందు తిరగేసి పెట్టుకుని, "నా గొర్లు చీమలైనయ్," అన్నాడు. సరిగ్గా పట్టి ఇస్తే తీతువు మీదికి తిప్పాడు. చాలాసేపు మాట్లాడలేదు. దాని కంటి ముందర ఎర్రటి తోలు ఉంటుంది, ముక్కు దాకా. పుట్టినప్పటి నుంచి ఎరిగిన పిట్ట కన్ను ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదలు. దుర్భిణి దించాడు, పిట్ట దూరంగా ఉంది. ఎత్తాడు, దగ్గరికొచ్చింది. "ఇది గూడ నన్ను గింత దగ్గెర సూస్తుందా?" అని అడిగాడు. లేదని చెప్పాను. నమ్మినట్టు లేడు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. ఆయనకు ఫోన్ చేయడం రాదు, మనవడు కలిపిచ్చాడు.

"గుట్ట కింద మల్ల గుడ్లు వెట్టింది. రేపు పొద్దుగాల రా."

"వస్త తాతా. కెమెరా తెస్త, దూరం నుంచే తీస్త."

"గా డబ్బా తేకు. దుర్భిణి తే. నేను సూడాలె."